ఊరు ప్లాను గీసే ముందే నేలను అడగాలి: పురావస్తు అంచనా పటం తయారీకి సమగ్ర మార్గదర్శి

1796–97 ప్రాంతంలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త పట్నం కట్టించడం మొదలుపెట్టారు. ఇళ్లకు రాయి కావాలి, ఇటుక కావాలి. పక్కనే దీపాలదిన్నె అని పిలిచే పెద్ద మట్టిదిబ్బ ఉంది. తవ్వితే చెక్కడాలున్న రాతిపలకలు బయటపడ్డాయి; అది నిజానికి బౌద్ధ స్తూపం. 1790ల చివర్లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికే చాలా పలకలు కదిలిపోయాయి. 1816లో ఆయన తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వి ఉంది. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు కూడా తర్వాతి కాలంలో రోడ్డు పనులకు పోయాయి. ఈ రెండు చోట్లా ఆ దిబ్బ ఏమిటన్న ప్రశ్న పని మొదలయ్యాక పుట్టింది.

ఆ ప్రశ్నను మాస్టర్ ప్లాన్ గీత పడకముందే అడిగించే పద్ధతి పురావస్తు అంచనా పటం. ఇప్పటికే తెలిసిన పాత స్థలాలు ఎలాంటి నేల మీద, ఎలాంటి నీటికి దగ్గరగా, ఎంత వాలులో ఉన్నాయో లెక్కగట్టి, అలాంటి లక్షణాలున్న మిగతా నేలకు మార్కులు వేస్తాం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్ర రవాణా శాఖ రోడ్ల అలైన్‌మెంట్ కోసం 1990ల్లో రాష్ట్రమంతటికీ ఇలాంటి నమూనా తయారుచేయించింది. నెదర్లాండ్స్ 1997లో దేశం మొత్తానికి ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు రంగుల పటం వేసింది. రెండు చోట్లా పటం పని ఒక్కటే: తవ్వకం యంత్రం రాకముందు ఎక్కడ ముందుగా వెతకాలో ప్లానరుకు చెప్పడం. పటం ఏ చోటా "ఇక్కడ ఉంది" అనదు, "ఇక్కడ లేదు" అని అంతకన్నా అనదు. ఈ తేడా మరిచిపోతే కింద చెప్పే శ్రమంతా వృథా.

పనికి కావలసినవాళ్లు: స్థానిక కుండపెంకులు చూసి కాలం చెప్పగల పురావస్తు నిపుణుడు ఒకరు, జీఐఎస్ (కంప్యూటరులో పటాలను పొరలుగా పేర్చి లెక్కలు తీసే పద్ధతి) తెలిసినవారు ఒకరు, రెవెన్యూ రికార్డులు చదవగల మనిషి ఒకరు, పొలాల్లో నడిచేందుకు ఐదుగురు. మూడో మనిషిని చాలామంది వదిలేస్తారు. తెలుగు నేలల్లో అది పెద్ద తప్పు. ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.

మొదటి మెట్టు: దేనికోసం వెతుకుతున్నారో తేల్చుకోండి

"పాత స్థలాలు" అన్న ఒక్క పేరుతో అన్నిటినీ కలిపి ఒకే నమూనా వేస్తే ఏదీ సరిగ్గా పట్టుబడదు. కొత్తరాతియుగపు పశుపాలకులు గ్రానైటు గుట్టల అంచుల్ని, మేత నేలల్ని ఎంచుకున్నారు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్విన ఉట్నూరు బూడిద దిబ్బ వాళ్ల పశువుల దొడ్ల ఆనవాలే. ఇనుపయుగపు రాతి సమాధులు, అంటే ఊళ్లలో రాక్షస గుళ్లు, పాండవుల గుళ్లు అనేవి, బండరాయి చేతికందే మెట్ట నేలల్లో గుంపులుగా ఉంటాయి. హైదరాబాద్‌లో హష్మత్‌పేట, మౌలాలీ అలాంటివే. నగరం వాటి చుట్టూ పెరిగింది. శాతవాహన కాలపు ఊళ్లు నది, వాగు ఒడ్డున మట్టిదిబ్బలుగా మిగిలాయి. ధరణికోట, పెద్దబంకూరు, కోటిలింగాల ఈ కోవవి. బౌద్ధ విహారాల తీరు మళ్లీ వేరు. విశాఖ దగ్గర బావికొండ, తొట్లకొండ, పావురాలకొండ మూడూ సముద్రం కనిపించే కొండ తలాల మీద ఉన్నాయి. ఊరికి దగ్గర, ఊరి గోలకు దూరం.

ఈ నాలుగింటికీ నీటితో, వాలుతో, ఎత్తుతో ఉన్న సంబంధం ఒకదానికొకటి ఎదురు. కలిపితే కొండమీది విహారం, ఏటి ఒడ్డు ఊరు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సగటు నేలకు మంచి మార్కులు పడతాయి. కాబట్టి రకానికొక నమూనా వేసి, చివర్లో ప్రతి చోటా వాటిలో అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన మార్కును తీసుకోండి. సగటు తీయొద్దు. ఏ ఒక్క రకానికైనా అవకాశం బలంగా ఉంటే ప్లానరు అక్కడ ఆగాల్సిందే.

రెండో మెట్టు: తెలిసిన స్థలాల పట్టిక

మొత్తం శ్రమలో సగం ఇక్కడే పోతుంది. పోవాలి కూడా. భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ఏటా వేసే "ఇండియన్ ఆర్కియాలజీ – ఎ రివ్యూ" సంచికలు 1953–54 నుంచి ఉన్నాయి. అందులో జిల్లాలవారీగా కొత్తగా గుర్తించిన స్థలాలు ఇస్తారు. రాష్ట్ర పురావస్తు శాఖ జాబితాలు, విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలు, శాసన సంపుటాలు తర్వాత చూడండి. మెకంజీ సేకరించిన గ్రామ కైఫియతుల్లో (ఊరి చరిత్ర రాతల్లో) పాడుబడ్డ ఊళ్లు, పాత కోటలు, ఊరు చోటు మారిన సంగతులు గ్రామాల వారీగా దొరుకుతాయి.

ఇబ్బంది ఏమిటంటే పాత నివేదికలు "గ్రామానికి ఈశాన్యంగా రెండు కిలోమీటర్లు" అని వదిలేస్తాయి. ప్రతి స్థలానికీ నమ్మకపు గుర్తు వేయండి. నేల మీద జీపీఎస్‌తో చూసి వచ్చినది అ. ఉపగ్రహ చిత్రంలో గుర్తుపట్టగలిగి, 250 మీటర్లలోపు తేడా ఉండొచ్చనుకునేది ఆ. ఊరి పేరు మాత్రమే తెలిసినది ఇ. నమూనాకు అ, ఆ మాత్రమే వాడాలి. ఇ గుర్తున్నవాటిని గ్రామం నడిబొడ్డున చుక్క పెట్టి లెక్కలో కలిపారంటే మీ నమూనా ఇప్పటి ఊళ్లు ఎక్కడున్నాయో నేర్చుకుంటుంది. ఈ పొరపాటు ఎంత మామూలో అంత ప్రమాదం, ఎందుకంటే పటం చూడ్డానికి చక్కగానే ఉంటుంది. ఒకే దిబ్బ మూడు ఊళ్ల పేర్లతో మూడుసార్లు నమోదై ఉండటం కూడా మామూలే. 500 మీటర్లలోపు పడే చుక్కలన్నీ విడిగా తీసి ఒక్కొక్కటే సరిచూడండి.

ఇక రెవెన్యూ మనిషి పని. మన ఊళ్ల పొలాల పేర్లు దాదాపు పురావస్తు సర్వేలాంటివే. దిబ్బ, దిన్నె, బోడు, కోటదిబ్బ, పాటిదిబ్బ, పాతూరు, బొమ్మల చేను, బూడిద దిబ్బ, నిలువురాళ్లు వంటి పేర్లన్నీ వేరే పట్టికలో ఎక్కించండి. జగ్గయ్యపేట స్తూపం ఉన్న గుట్ట పేరు ధనంబోడు. భట్టిప్రోలు, ఘంటసాల స్తూపాలను జనం లంజదిబ్బ అన్నారు. తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల, బావికొండకు అలాంటి బావుల వల్ల వచ్చింది. ఇంకో గుర్తు పాటిమన్ను. పాత ఊరి దిబ్బ మట్టి ఎరువుగా పనికొస్తుందని రైతులు బండ్లకొద్దీ తోలుకుపోయేవారు. "పాటిమన్ను ఎక్కడినుంచి తోలేవాళ్లు?" అని ఊరి పెద్దరైతును అడిగితే ఒక్క మాటలో చోటు చెబుతారు. ఆంధ్ర జిల్లాల్లో ఆర్‌ఎస్‌ఆర్ (భూముల రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం), తెలంగాణలో అలాంటివే అయిన సేత్వార్, టిప్పన్ తిరగేయండి. మనుషులు లేని బేచిరాగ్ గ్రామాలు, పాత గ్రామకంఠాలు, దిబ్బ పోరంబోకులు దొరికితే ఒక్కొక్కటీ వెళ్లి చూడదగ్గదే.

అయితే ఈ పేర్లను నమూనాలోకి నేరుగా ఎక్కించకండి. నేల చూసి నిర్ధారించుకున్నాకే అవి స్థలాలు. నిర్ధారించని పేర్లను పక్కన పెట్టి ఉంచితే, చివర్లో నమూనాను పరీక్షించే రెండో సాక్ష్యంగా పనికొస్తాయి.

మూడో మెట్టు: నేల పొరలు

కోస్తా జిల్లాల్లో ఎక్కువ భాగానికి, హైదరాబాద్ ప్రాంతానికి పటం మీద చోటును మీటర్లలో చెప్పే యూటీఎం పద్ధతిలో 44 ఉత్తర మండలం, అంటే జీఐఎస్‌లో ఈపీఎస్‌జీ 32644 అనే కోడు సరిపోతుంది. అన్ని పొరల్నీ దానిలోకే మార్చండి. పాత సర్వే ఆఫ్ ఇండియా షీట్లు ఎవరెస్ట్ అనే పాత భూమి ఆకార లెక్క ఆధారంతో వేసినవి. వాటిని జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 లెక్కలో ఉన్నాయనుకుని నేరుగా పెడితే మన ప్రాంతంలో చుక్క వంద మీటర్లకు పైగా జరుగుతుంది. దిబ్బ ఏటి ఇవతలి ఒడ్డు నుంచి అవతలికి పోవడానికి అంత చాలు.

ఎత్తుల కోసం ఉపగ్రహాలు, అంతరిక్ష యాత్రల నుంచి తీసిన ఎస్‌ఆర్‌టీఎం, కోపర్నికస్, ఇస్రో భువన్ పోర్టల్‌లో దొరికే కార్టోసాట్ మోడల్, మూడూ దాదాపు 30 మీటర్ల గడివి. 2,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి 22 లక్షల గడులు వస్తాయి. మామూలు ల్యాప్‌టాప్ చాలు. వాటి పరిమితి మాత్రం గుర్తుంచుకోండి. ఎత్తులో కొన్ని మీటర్ల తప్పు ఉంటుంది, మామిడి, కొబ్బరి తోటల తలలు కూడా నేలగా నమోదవుతాయి. మీటరున్నర ఎత్తు దిబ్బ ఇందులో కనబడదు. ఈ మోడల్ చూపేది దిబ్బ చుట్టూ ఉన్న నేల తీరును మాత్రమే.

దిబ్బల కోసం కరోనా చిత్రాలు తీయండి. 1960–72 మధ్య అమెరికా నిఘా ఉపగ్రహాలు తీసినవి, 1995లో బయటపెట్టారు. అమెరికా భూగర్భ సర్వే వెబ్‌సైటులో దొరుకుతాయి. మంచివాటిలో రెండు మీటర్ల వస్తువు దాకా తెలుస్తుంది. కాల్వల కింద చదును కాకముందు, ట్రాక్టరు రాకముందు మన పొలాలు ఎలా ఉన్నాయో చెప్పే సాక్ష్యం ఇంత విరివిగా మరొకటి లేదు. ఎండాకాలపు ఫ్రేములు ఎంచుకోండి. ఉత్త పొలంలో దిబ్బ మట్టి చుట్టుపక్కల కన్నా లేత రంగులో, గుండ్రటి అంచుతో కనిపిస్తుంది. చెరువు మేటల మట్టి, ఇటుక బట్టీ చోటు కూడా అలాగే కనిపిస్తాయి కాబట్టి ఒక్క చిత్రాన్ని నమ్మొద్దు. వేర్వేరు ఏళ్లవి కనీసం రెండు చూడండి.

రాతి పటాలు భారత భూగర్భ సర్వే (జీఎస్‌ఐ) భూకోశ్ పోర్టల్‌లో ఉన్నాయి. నేలల పటం కూడా కావాలి. చెలక నేల, రేగడి కలిసే అంచు ప్రత్యేకంగా గీసుకోండి. మెట్ట పైరు, మేత, బండరాయి, నీరు ఒకే చోట అందే సరిహద్దు అది.

వాగుల పొరను సిద్ధం చేసేటప్పుడే ఎక్కువమంది జారిపోతారు. ఇప్పటి పటంలోని నీలి గీతలన్నీ పాత నీరు కాదు. కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది, ప్రకాశం బ్యారేజీ 1957లో. డెల్టా పెద్ద కాల్వలు ఆ మొదటి ఆనకట్ట కాలం నుంచి వచ్చినవి. వాటిని తీసేయకపోతే "నీటికి దూరం" అన్న కొలతకు అర్థమే ఉండదు. తెలంగాణ చెరువులదీ ఇదే సంగతి. కాకతీయుల కాలపు గుడికి చెరువు మంచి గుర్తు; అంతకు వెయ్యేళ్ల ముందరి సమాధికి కాదు. పాతబడి పూడిన ఏటి పాయల్ని మాత్రం గీయండి. వర్షాకాలంలో మబ్బుల్ని దాటి చూసే ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-1 రాడార్ చిత్రాల్లో వరద నీరు ఆ పాత పాయల వెంటే నిలుస్తుంది. 2024 సెప్టెంబరు బుడమేరు, కృష్ణా వరదల నాటి చిత్రాలు తీసి చూస్తే లంకల్లో, గట్ల మీద నీళ్లెక్కని మెరకలు తేలికగా దొరుకుతాయి.

నాలుగో మెట్టు: కొలతలు ఎన్ని, ఏవి

సూత్రం మోటుదే కానీ మేలైనది: ప్రతి కొలతకూ, అంటే మార్కుకు ఆధారమయ్యే ప్రతి లక్షణానికీ, కనీసం పది స్థలాలు ఉండాలి. మీ దగ్గర ఒక రకానికి 40 స్థలాలుంటే నాలుగు కొలతలకు మించొద్దు. జీఐఎస్ చేతిలో ఉంటే నలభై పొరలు తీయాలనిపిస్తుంది. అలా తీసిన నమూనా ఉన్న స్థలాల్ని కంఠస్థం చేస్తుంది, కొత్తదాన్ని కనిపెట్టలేదు.

అన్నిటికన్నా బలమైనవి ఇవి. మొదటిది నీటికి నడక సమయం. గీటు పట్టి కొలిచిన దూరం చాలదు, మధ్యలో గుట్ట ఉండొచ్చు. వాలును బట్టి నడక వేగం ఇచ్చే టోబ్లర్ సూత్రంతో నిమిషాల్లో లెక్కగట్టండి. రెండోది దగ్గరి వాగు అడుగు నుంచి ఎంత ఎత్తు అన్నది. సముద్ర మట్టం నుంచి ఎత్తు కన్నా ఇది చాలా మేలు, ఎందుకంటే ఊరు కట్టేవాడు వరదను చూశాడు. మూడోది చుట్టూ ఉన్న నేలతో పోలిస్తే మెరకా, పల్లమా అన్న సూచిక. దీన్ని చుట్టూ 300 మీటర్ల దూరం దాకా ఒకసారి, 2 కిలోమీటర్ల దాకా ఒకసారి తీయండి. చిన్నది దిబ్బను, పెద్దది కొండను చెబుతుంది. నాలుగోది రాయి లేదా నేల రకం.

కొండమీది విహారాలకు లెక్క మారుతుంది. తొట్లకొండ లాంటి చోట వాన నీటిని రాతి తొట్లలో పట్టారు. వాగుకు దూరం అక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. బదులుగా కొండ తల ఎంత చదునుగా ఉంది, అక్కడి నుంచి తీరం, రేవు, బాట కనిపిస్తాయా అన్నవి తీసుకోండి. తొట్లకొండ 1976లో బయటపడింది కూడా నౌకాదళం స్థావరం కోసం చేసిన గగనతల సర్వేలో. అప్పుడు కనబడకపోయుంటే అక్కడ ఏం జరిగేదో చెప్పక్కర్లేదు.

రెండు కొలతల మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.7 దాటితే ఒకదాన్ని వదిలేయండి. తీరప్రాంతంలో ఇప్పటి సముద్రపు గీతను పాతకాలపు గీతగా వాడొద్దు. కృష్ణా డెల్టా సముద్రంలోకి పెరుగుతూ వచ్చింది. ఒకప్పటి వర్తక కేంద్రం ఘంటసాల ఇప్పుడు లోతట్టున ఉంది.

ఐదో మెట్టు: "లేని చోట్లు" నిజాయితీగా ఎంచుకోండి

నమూనాకు స్థలాలు ఉన్న చోట్లతో పాటు లేని చోట్లు కూడా కావాలి. మన రికార్డుల్లో అవి ఉండవు. వెళ్లి ఏమీ దొరకలేదని ఎవరూ రాయరు. అందుకే కంప్యూటరు ఎక్కడపడితే అక్కడ వేసిన చుక్కల్ని లేని చోట్లుగా వాడేస్తుంటారు. అక్కడే మోసం ఉంది. ఇప్పటిదాకా సర్వే చేసినవాళ్లు రోడ్ల వెంట, ఊళ్ల దగ్గర, ప్రాజెక్టుల ముంపు ప్రాంతాల్లో తిరిగారు. నాగార్జునకొండలో 1954–60 మధ్య అంత విస్తారంగా తవ్వకాలు జరిగాయంటే లోయ మునిగిపోబోతోంది గనక. అలాంటి లోయలో వంద స్థలాలు దొరికి, పక్క లోయలో ఒక్కటీ లేదంటే పక్క లోయలో ఎవరూ నడవలేదని అర్థం కావచ్చు.

దీనికి మందు రెండు రకాలు. ఏ నేల సర్వే అయిందో ఒక పొర గీసి, పోలిక చుక్కలు ఆ నేలలోంచే తీయండి. అది సాధ్యం కాకపోతే అన్ని కాలాల, అన్ని రకాల పురావస్తు స్థలాల చుట్టూ ఒకటి రెండు కిలోమీటర్ల వలయాల్లోంచి తీయండి. మనిషి వెళ్లి చూసిన నేల అదే కాబట్టి. తర్వాత రోడ్డుకు దూరం అనే కొలతను పరీక్ష కోసం నమూనాలో పెట్టి చూడండి. అది బలంగా పలికితే మీ పట్టిక పాతకాలపు మనుషుల ఎంపికను కాక ఇప్పటి పరిశోధకుల జీపు దారిని చెబుతోందన్నమాట.

ఆరో మెట్టు: నమూనా నడపడం

ఇది అందరూ భయపడే భాగం, నిజానికి అన్నిటికన్నా తేలిక. క్యూజీఐఎస్ అనే ఉచిత జీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి చుక్క దగ్గర కొలతల విలువలు తీసి, ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లోకి పంపండి. ప్రతి కొలతకూ ఒక బరువు వేసి స్థలం ఉండే అవకాశం లెక్కగట్టే పద్ధతి లాజిస్టిక్ రిగ్రెషన్; లేని చోట్లు నమ్మదగినవైతే అది వాడండి. ఉన్న చోట్లు మాత్రమే నమ్మదగినవైతే, వాటితోనే పనిచేసే మాక్సెంట్. రెండూ ఉచితం. వందల నిర్ణయ వృక్షాల్ని కలిపే రాండమ్ ఫారెస్ట్ పద్ధతి మార్కులు ఎక్కువ చూపిస్తుంది గానీ, తక్కువ స్థలాలతో వాడితే కంఠస్థం చేసే గుణం ఎక్కువ. పైగా లేఅవుట్ యజమాని "మా నేలకే ఎందుకు ఎరుపు?" అని అడిగితే జవాబు చెప్పగలిగేది లాజిస్టిక్ నమూనాతోనే. వాగుకు పది నిమిషాల నడక, వాగు అడుగుకు ఎనిమిది మీటర్ల పైన, చెలక అంచున ఉంది కాబట్టి అని నోటితో చెప్పగలగాలి. ప్రభుత్వ కార్యాలయంలో నిలబడే పటానికి ఇది చిన్న విషయం కాదు.

ఏడో మెట్టు: పటం పనిచేస్తుందా?

మొదట్లోనే పావు వంతు స్థలాల్ని పక్కన పెట్టి, మిగతావాటితోనే నమూనా వేయండి. పక్కన పెట్టేవి చెల్లాచెదురుగా తీయొద్దు, ఒక రెవెన్యూ మండలమో ఒక వాగు పరీవాహకమో మొత్తంగా తీయండి. పక్కపక్కనే ఉన్న రెండు సమాధుల్లో ఒకటి శిక్షణకు (నమూనా వేయడానికి), ఒకటి పరీక్షకు పోతే అది పరీక్ష కాదు, కాపీ.

మార్కుల్ని బట్టి నేలను ఎక్కువ (ఎరుపు), మధ్యస్థం, తక్కువ అని మూడు భాగాలు చేయండి; ఇక్కడి నుంచి మండలం అంటే ఆ భాగమే, రెవెన్యూ మండలం కాదు. కొలిచే గీటురాయి పురావస్తు శాస్త్రవేత్త క్వామె ప్రతిపాదించిన లాభసూచిక: 1 నుంచి (నేల శాతం ÷ స్థలాల శాతం) తీసేయాలి. ఉదాహరణకు ఎక్కువ అవకాశం అన్న మండలం మొత్తం నేలలో 18 శాతం, పక్కన పెట్టిన 20 స్థలాల్లో 13, అంటే 65 శాతం అందులో పడ్డాయనుకోండి. 18 ÷ 65 = 0.28; లాభం 0.72. మిన్నెసోటా పెట్టుకున్న లక్ష్యం ఎక్కువ, మధ్యస్థ మండలాలు కలిపి 33 శాతం నేలలో 85 శాతం స్థలాలు పట్టాలని, అంటే 0.61. అంతకన్నా మీది ఎక్కువ వచ్చిందని మురిసిపోకండి. 2 శాతం నేలలో 10 శాతం స్థలాలు పట్టినా లాభం 0.8 వస్తుంది, పది స్థలాల్లో తొమ్మిది మాత్రం బుల్‌డోజరు కిందకు పోతాయి. నగర ప్రణాళికకు ముందు చూడాల్సింది ఎన్ని స్థలాలు చేజారుతున్నాయన్నది. ఎంత నేల ఆదా అయిందన్నది ఆ తర్వాత. శిక్షణ స్థలాల మీద 0.85, పరీక్ష స్థలాల మీద 0.5 వస్తే కొలతలు తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి.

ఎనిమిదో మెట్టు: నడవాలి

పటాన్ని నమ్మదగ్గదిగా చేసేది ఈ మెట్టే. మూడు మండలాల్లోనూ లాటరీ తీసినట్టు 500 మీటర్ల చదరాలు ఎంచుకోండి. ఎరుపు మండలంలో మాత్రమే నడిస్తే ఎప్పుడూ మీరే గెలుస్తారు. తక్కువ మండలంలో తప్పనిసరిగా నడవాలి.

ఐదుగురు 15 మీటర్ల ఎడంతో వరుసగా నడిస్తే ఒక్క విడతలో 75 మీటర్ల పట్టీ అవుతుంది. 25 హెక్టార్ల చదరానికి ఏడు విడతలు, మొత్తం మూడున్నర కిలోమీటర్లు. ఆగి నమోదు చేసుకుంటూ రెండు గంటలు పడుతుంది. ప్రయాణం కలుపుకుని రోజుకు మూడు చదరాలు చేస్తే గొప్ప. 60 చదరాలకు ఇరవై రోజులు.

ఎప్పుడు నడవాలో రైతును అడగండి. దుక్కి దున్ని ఒక్క వాన పడ్డాక ఉన్నంత చక్కగా పెంకులు మరెప్పుడూ కనబడవు; దుమ్ము కడుక్కుని మెరుస్తుంటాయి. వరి నిలబడి ఉన్నప్పుడు నడవడం దండగ. ప్రతి చదరంలో నేల ఎంత శాతం కంటికి కనబడిందో రాయాలి. పది శాతం కనబడిన చోట "ఏమీ లేదు" అని రాస్తే అది అబద్ధపు రికార్డవుతుంది. రేగడిలో ఎండాకాలపు బీటల్లోకి పెంకులు దిగిపోతాయి, కాబట్టి ఆ నేలలో పలచగా దొరికినా తీసిపారేయొద్దు.

చూడాల్సినవి: లోపల, మూతి అంచున నలుపు, బయట కింద ఎరుపు ఉన్న పెంకులు, ఇప్పటి ఇటుక కన్నా చాలా పెద్దవి, కొన్ని అర మీటరు పొడవుండే పాత ఇటుకల ముక్కలు, ఇనప చిట్టెం, పూసలు, శంఖపు గాజు ముక్కలు, పొలం గట్టులో పేర్చిన గుండ్లు వలయంలోంచి లాగినట్టుంటే రాక్షస గుడి ఆనవాలు. ఒకటి రెండు పెంకులు ఎరువు బండిలో వచ్చి ఉండొచ్చు. పాటిమన్ను తోలిన పొలాల్లో ఇది తరచూ జరిగే గారడీ. పది మీటర్ల చదరంలో పెంకులు లెక్కపెట్టి, చుట్టూ తగ్గుతూ పోతున్నాయో లేదో చూస్తే అసలు దిబ్బ ఎటుందో తేలుతుంది. తవ్వొద్దు. భారతదేశంలో పురావస్తు తవ్వకానికి సర్వేక్షణ శాఖ అనుమతి తప్పనిసరి. బావి గోడలు, కాల్వ గట్ల కోతలు, రోడ్డు కోతలు ఇప్పటికే తెరిచిన పుస్తకాలు. అక్కడ పొరలు చదవండి.

తక్కువ మండలంలో 60 చదరాలు నడిచి ఒక్కటీ దొరక్కపోతే ఆ మండలంలో ఏమీ లేదని కాదు. దొరకనప్పుడు వాడే లెక్క 3 ÷ 60: వంద చదరాలకు ఐదింటిదాకా ఉండే అవకాశాన్ని ఇంకా కొట్టేయలేం. ఈ అంకెను పటం మీదే అచ్చువేయించండి.

డెల్టాలో ఇంకో సమస్య ఉంది. ఏటా వండ్రు పడ్డ నేలలో పాత ఊరు మీటర్ల లోతున ఉండొచ్చు, పైన పెంకు కూడా కనబడదు. ధరణికోటలో 1960ల తవ్వకాల్లో బయటపడిన రేవుకట్ట, దానికి చేరే కాల్వ అలా పూడినవే. అలాంటి నేలను "తక్కువ" రంగులో వేయకండి. "తేలనిది" అని నాలుగో రంగు పెట్టండి. భూగర్భ జల శాఖ బోరు లాగులు, వంతెన పునాదుల మట్టి పరీక్ష నివేదికలు సేకరించి వండ్రు మందం పటం వేస్తే ఎంత లోతు పునాది ప్రమాదమో తెలుస్తుంది. మిన్నెసోటావాళ్లూ నదీలోయలకు పూడిన స్థలాల నమూనా వేరుగా వేసుకున్నారు. ఇప్పటికే కట్టడాలు నిండిన నేల కూడా ఈ రంగులోకే.

తొమ్మిదో మెట్టు: ప్లానులోకి ఎక్కించడం

చట్టం ఎంతవరకు తోడొస్తుందో స్పష్టంగా ఉండాలి. 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రితం. అది నోటిఫై అయినవాటికే. మీ పటం చెప్పే నేలకు ఆ రక్షణ లేదు. కాబట్టి పనిచేసే తాళం చెవి పట్టణాభివృద్ధి సంస్థ చేతిలో ఉన్న జోనింగ్ నిబంధనలు, లేఅవుట్ షరతులే.

ఎక్కువ మండలంలో: లేఅవుట్ దరఖాస్తుతో పాటు పురావస్తు శాఖ పాదసర్వే నివేదిక. ఆనవాళ్లు తేలితే శాఖ ఆధ్వర్యంలో పరీక్ష కందకాలు. ఇంగ్లండులో ఇలాంటి చోట స్థలంలో 2 నుంచి 5 శాతం తెరుస్తారు. మధ్యస్థంలో పాదసర్వే చాలు. తక్కువ మండలంలో పని ఆపి తెలియజేసే షరతు. తేలని నేలలో నిర్ణీత లోతు దాటే పునాదికి, సెల్లారుకు పర్యవేక్షణ. 1878 నాటి నిధి చట్టం పది రూపాయల విలువ దాటిన ఏ దొరుకుడునైనా కలెక్టరుకు చెప్పాలంటుంది. మేస్త్రీలకు ఈ సంగతి తెలుగులో ఒక పేజీలో అచ్చువేసి ఇవ్వండి.

అన్నిటికన్నా చవకైన పరిష్కారం గీత జరపడం. ప్రతి లేఅవుట్‌లో ఎలాగూ ఖాళీ స్థలం వదలాలి. పార్కు గడి దిబ్బ మీదకు జరిపితే యజమాని ప్లాట్లు తగ్గవు, దిబ్బ దక్కుతుంది. రోడ్డు అలైన్‌మెంటు కాగితం మీద ఉండగా 80 మీటర్లు జరపడానికి ఒక మధ్యాహ్నం చాలు. భూసేకరణ నోటీసు వెళ్లాక కొన్నేళ్లు. కాబట్టి పటం డ్రాఫ్టు మాస్టర్ ప్లాన్ కన్నా ముందు సిద్ధమవ్వాలి. దిబ్బ మీద పార్కు వేసేటప్పుడు చెట్ల గుంటలు, బోరు, ఫౌంటెన్ వద్దు. పైన మట్టి పోసి గడ్డి పెంచండి.

పదో మెట్టు: ఎవరికి ఎంత చూపించాలి

గుప్తనిధుల వేటగాళ్లు ఉన్న నేల మనది. చుక్కలతో ఉన్న పటం బయటికి పోతే అది వాళ్ల చేతి పటం అవుతుంది. జనానికి పెట్టే పటంలో కిలోమీటరు గడులే చూపండి, దిబ్బల పేర్లూ సర్వే నంబర్లూ వేయకండి. పూర్తి పటం పురావస్తు శాఖ, ప్లానింగ్ అధికారి దగ్గరే ఉండాలి. ఎవరు ఎప్పుడు తెరిచారో నమోదు కావాలి. ఇంకో భయం రైతుది. ఎరుపు రంగు పడితే భూమి ధర పడిపోతుందని, సర్వే రాకముందే ఒక రాత్రి జేసీబీతో దిబ్బ చదును చేయించడం జరగవచ్చు. సర్వే మొదలయ్యే ముందే గ్రామసభలో చెప్పండి: ఇది భూమిని లాక్కునే పటం కాదు, పార్కు గడి ఎక్కడ పెట్టాలో చెప్పే పటం అని. నిబంధన కూడా నిజంగా అలాగే రాయించండి.

ప్రతి ఏడాదీ వేసవి సర్వేలో దొరికినవి, దొరకనివి, మేస్త్రీలు చెప్పినవి, పునాదుల్లో బయటపడినవి అన్నీ పట్టికలో చేర్చి నమూనా మళ్లీ నడపండి. తక్కువ మండలంలో కొత్త స్థలం దొరికిన రోజున ఆ చుక్కను విడిగా తీసి, ఏ కొలత దాన్ని తక్కువగా చూపిందో చూడండి. తర్వాతి ఏడాది పటంలో మొదట సరిచేయాల్సింది ఆ కొలతనే.